యార్డులో పెట్టిన క్యారవాన్‌లో చలికాలమంతా బ్యాటరీ దిగిపోకుండా ఏం చేస్తున్నారు?

లీడ్స్_శీను (యార్క్‌షైర్)

అందరికీ నమస్కారం. మాది కారు వెనక తగిలించుకుని వెళ్ళే నాలుగు బెర్తుల క్యారవాన్. సెకండ్ హ్యాండ్‌ది. ఇంటి ముందు చోటు లేక ఊరవతల స్టోరేజ్ యార్డులో పెడుతున్నాం. గేటు, కెమెరాలు అన్నీ బాగానే ఉన్నాయి కానీ కరెంటు పాయింట్ ఇవ్వరు. నవంబర్‌లో పెడితే మళ్ళీ ఈస్టర్‌కే తీస్తాం.

పోయిన ఈస్టర్‌కి వెళ్ళి చూస్తే మూవర్ కదల్లేదు. తెలియనివాళ్ళకి: చక్రాలకి ఆనుకుని ఉండే చిన్న మోటార్లు ఇవి, రిమోట్ నొక్కితే కారు లేకుండానే బండి కదులుతుంది. మీటర్ పెడితే బ్యాటరీ 9 వోల్టుల దగ్గర ఉంది. కంట్రోల్ ప్యానెల్ ఆఫ్ చేసి, లైట్లన్నీ ఆర్పేసే వచ్చాం. అది 110 ఆంపియర్ అవర్ల మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ, అప్పటికి పెద్ద పాతదేమీ కాదు.

బ్యాటరీ తీసి ఇంటికి తెచ్చేద్దామంటే ఇంకో చిక్కుంది. బండిలో అలారం, బండి ఎక్కడుందో చెప్పే ట్రాకర్ ఉన్నాయి. ట్రాకర్ ఎప్పుడూ పనిచేస్తూ ఉండాలని ఇన్సూరెన్స్ వాళ్ళ షరతు. ఈసారి ఏం చేయమంటారు?

బ్యాటరీ_బాబాయ్ (గుంటూరు)

నాయనా శీనూ, క్యారవాన్ నేను ఫోటోల్లో చూడటమే గానీ బ్యాటరీలు నా వ్యాపారం. ఇన్వర్టర్‌దైనా, లారీదైనా, నీ బండిదైనా లోపల ఉండేది సీసం పలకలు, యాసిడే.

లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడకపోతే పాడవదు, ఖాళీగా ఉంచితే పాడవుతుంది. చార్జ్ దిగినకొద్దీ పలకల మీద సల్ఫేట్ కడుతుంది. వెంటనే చార్జింగ్ పెడితే కరిగిపోతుంది. నెలల తరబడి అలాగే వదిలేస్తే గట్టిపడి కూర్చుంటుంది, ఇక కరగదు. పలకలో అంత మేర పనిచేయదన్నమాట. 9 వోల్టులంటే అడుగంటిపోయినట్టే. దాన్ని తర్వాత ఏం చేశావు? చార్జ్ ఎక్కిందా?

లీడ్స్_శీను

ఎక్కింది బాబాయ్ గారూ. మొదట చార్జర్ అసలు పట్టించుకోలేదు. రిపేర్ మోడ్‌లో పెట్టి వదిలేస్తే మర్నాటికి పచ్చ లైట్ వచ్చింది. ఇప్పుడు 12.7 చూపిస్తోంది. అంటే బాగున్నట్టేగా?

బ్యాటరీ_బాబాయ్

12.7 చూసి మురిసిపోకు. చచ్చిన బ్యాటరీ కూడా చార్జర్ తీయగానే ఆ అంకె చూపిస్తుంది. ఒక రాత్రి ఊరికే ఉంచి పొద్దున చూడు. తర్వాత లోడ్ పెట్టి చూడాలి. సుమారు 5 ఆంపియర్లు లాగేలా బల్బులు తగిలించు. 110 ది కాబట్టి 10, 11 గంటల తర్వాత సగం దాకా రావాలి. బల్బులు తీసేసి కాసేపు ఆగి చూస్తే 12.2 దగ్గర ఉండాలి. మధ్యలోనే 11.5 కి పడిపోతే దాన్ని స్క్రాప్ కింద ఇచ్చేయ్. సెల్స్‌కి మూతలుంటే గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం కూడా చూడు. నిండుగా ఉంటే 1.265 అటూ ఇటూ రావాలి. ఒక్క సెల్ మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే దాని పని అయిపోయినట్టే.

స్లౌ_సుధ

మేం ప్రతి అక్టోబర్‌లో బ్యాటరీ ఊడదీసి ఇంటికి తెచ్చేస్తాం. మా ఆయన నడుము పట్టేస్తుంది, అది వేరే సంగతి. 25 కిలోల దాకా ఉంటుంది కదా. షెడ్డులో స్మార్ట్ చార్జర్‌కి తగిలించి వదిలేస్తాం. మాకు ట్రాకర్ గొడవ లేదు.

కరీంనగర్_కిరణ్ (స్విండన్)

సుధక్కా, షెడ్డులో సిమెంట్ నేల మీదే పెడుతున్నారా? కింద చెక్క పెట్టండి. నేల మీద పెడితే చార్జ్ గుంజేస్తదని మా ఊళ్ళో మెకానిక్‌లందరూ అంటారు.

బ్యాటరీ_బాబాయ్

కిరణ్, అది మా నాన్న కాలం మాట. అప్పట్లో బ్యాటరీ డబ్బాలు గట్టి రబ్బరుతో చేసేవాళ్ళు. తేమ, యాసిడ్ పట్టి పైనుంచి కొంచెం కరెంటు కారేది. ఇప్పుడు వచ్చేవన్నీ ప్లాస్టిక్ డబ్బాలు, నేల మీద పెట్టినా ఏమీ కాదు. పైభాగం మాత్రం తుడిచి పొడిగా ఉంచాలి, రెండు టెర్మినళ్ళ మధ్య యాసిడ్ తడి ఉంటే ఇప్పటికీ కారుతుంది. చెక్క పెట్టుకుంటే నష్టమేమీ లేదులే, నేలకి మరక పడదు.

కరీంనగర్_కిరణ్

ఇన్నేళ్ళుగా చెక్క మోస్తున్నా కదా బాబాయ్ 😂

అనిల్_ఈఈఈ (కొవెంట్రీ)

శీను గారూ, సోలార్, చార్జర్ అని కొనే ముందు ఒక పని చేయండి. కరెంటు ఎక్కడికి పోతోందో కొలవండి. ఈ గ్రూపులో ఏటా ఇదే ప్రశ్న వస్తుంది, అందరూ వస్తువులే చెప్తారు, కొలిచేవాళ్ళు తక్కువ.

కంట్రోల్ ప్యానెల్ ఆఫ్ చేస్తే లైట్లు, పంపు ఆగుతాయి. అలారం, ట్రాకర్, రేడియో మెమరీ లాంటివి ఆ స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి తీసుకుంటూనే ఉంటాయి. ఒక్కొక్కటి చూస్తే చాలా తక్కువ, కానీ రోజుకి 24 గంటలు. మొత్తం 75 మిల్లీ ఆంప్స్ పోతోందనుకోండి. రోజుకి 1.8 ఆంపియర్ అవర్లు. మీ 110 లో సగం ఖాళీ కావడానికి నెల చాలు, రెండు నెలలకి పూర్తిగా సున్నా. దీనికి తోడు బ్యాటరీ ఊరికే ఉన్నా నెలకి 3 నుంచి 5 శాతం తనంతట తానే దిగుతుంది. చలిలో ఈ రెండోది తగ్గుతుంది, ఎండలో బాగా పెరుగుతుంది.

కొలిచే పద్ధతి చెప్తాను. కొంచెం ఓపిక కావాలి.

మీటర్‌లో ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టండి. మూవర్ ఐసొలేటర్ (మూవర్‌కి కరెంటు పూర్తిగా ఆపే స్విచ్) ఆఫ్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. మూవర్ పదుల ఆంపియర్లు లాగుతుంది, పొరపాటున రిమోట్ నొక్కితే మీటర్ ఫ్యూజ్ పోతుంది. ఇప్పుడు బ్యాటరీ నెగటివ్ పోస్టుకీ, నెగటివ్ కేబుల్‌కీ మధ్య ఒక జంపర్ వైరు క్లిప్పులతో తగిలించి, ఆ తర్వాతే కేబుల్ ఊడదీయండి. అలా చేస్తే కరెంటు తెగదు, అలారం అరవదు. మీటర్ రెండు కొసలూ అక్కడే తగిలించి చివరగా జంపర్ తీయండి. ఇక కరెంటంతా మీటర్ గుండానే పోతుంది.

వెంటనే కనపడే అంకెని నమ్మొద్దు. అలారం ఆన్ చేసి, తలుపు వేసి, పావుగంట ఆగండి. అన్నీ నిద్రలోకి వెళ్ళాక వచ్చే అంకే అసలుది. తర్వాత ఒక్కో ఫ్యూజ్ తీస్తూ పోండి. ఏది తీసినప్పుడు అంకె దబ్బున పడిందో అక్కడే దొంగ ఉన్నాడు. మీటర్ తగిలించి ఉండగా లైట్లు గానీ పంపు గానీ వేయకండి.

లీడ్స్_శీను

అనిల్ గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఈ శనివారం వెళ్తాను. ఈలోగా ఇంకో డౌట్. నెలకోసారి వెళ్ళి కారుకి తగిలించి ఓ అరగంట ఇంజన్ ఆన్‌లో ఉంచితే సరిపోదా?

అనిల్_ఈఈఈ

సరిపోదు. కారుకీ క్యారవాన్‌కీ కరెంటు కలిపే 13 పిన్నుల సాకెట్‌లో చార్జింగ్‌కి వాడే వైరు సన్నది, పైగా కారు ముందు నుంచి క్యారవాన్ దాకా పొడుగు. దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. కొత్త కార్లలో ఆల్టర్నేటర్ పెట్రోలు పొదుపు కోసం తనే వోల్టేజీ తగ్గించేసుకుంటుంది. అరగంటలో మీకొచ్చేది రెండు మూడు ఆంపియర్ అవర్లు. అంటే ఒకటి రెండు రోజుల ఖర్చు. ఆ పెట్రోలు డబ్బులతో పిల్లలకి ఐస్‌క్రీమ్ కొనండి.

మినియాపొలిస్_మాధవి

మాది అమెరికా ట్రావెల్ ట్రైలర్, కథ కొంచెం వేరు కానీ చెప్తాను. ఇక్కడ చాలా బండ్లలో బ్యాటరీని కట్ చేసే స్విచ్ ఉంటుంది, ఒక పక్క ‘స్టోర్’, ఇంకో పక్క ‘యూజ్’ అని రాసి ఉంటుంది. స్టోర్‌లో పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. కొన్ని బండ్లలో గ్యాస్ లీక్ అలారం ఆ స్విచ్‌కి ముందే బ్యాటరీకి కలిపి ఉంటుంది. అదొక్కటే కొన్ని వారాల్లో బ్యాటరీని పడుకోబెట్టగలదు. బ్రేక్‌అవే పిన్ను కూడా చూసుకోండి. బండి కారు నుంచి ఊడిపోతే బ్రేకులు పట్టేయడానికి ఉండే పిన్ను అది. ఎవరైనా దాన్ని లాగి వదిలేస్తే ఎలక్ట్రిక్ బ్రేకులు పట్టుకునే ఉంటాయి, బ్యాటరీ గంటల్లో ఖాళీ.

మా దగ్గర ఇంకో భయం గడ్డకట్టడం. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ మైనస్ 50 కి కూడా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయినదాంట్లో యాసిడ్ దాదాపు నీళ్ళే, మైనస్ 7, 8 కే గడ్డకట్టి డబ్బా పగిలిపోతుంది. మినియాపొలిస్‌లో మైనస్ 25 మామూలే. అందుకే మేం బ్యాటరీ తీసి గరాజ్‌లోకి తెస్తాం, చర్చే లేదు.

కరీంనగర్_కిరణ్

మాధవి గారూ, లిథియం వేసుకుంటే ఈ తిప్పలు ఉండవు కదా? నేనైతే పోయినేడాది మార్చేసిన.

మినియాపొలిస్_మాధవి

కొన్ని తిప్పలు పోతాయి, కొన్ని కొత్తవి వస్తాయి. మా పక్కింటివాళ్ళకి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఉంది. తనంతట తాను దిగేది చాలా తక్కువ, సగం చార్జ్‌లో ఉంచినా సల్ఫేట్ బాధ లేదు. పైగా దాన్ని 50, 60 శాతం దగ్గర ఉంచి నిల్వ చేయడమే మంచిది, నిండా నింపి నెలల తరబడి ఉంచనక్కర్లేదు. కానీ సున్నా డిగ్రీల లోపు చార్జ్ చేయకూడదు. మంచి బ్యాటరీలైతే లోపలి సర్క్యూట్ తనే ఆపేస్తుంది, చవకవాటిని నమ్మలేం. పైగా ట్రాకర్ లాగేది ట్రాకర్ లాగుతూనే ఉంటుంది, బ్యాటరీ ఏదైతే దానికేం?

లీడ్స్_శీను

వెళ్ళొచ్చాను. అలారం నిద్రలోకి వెళ్ళాక 78 మిల్లీ ఆంప్స్. అనిల్ గారు ఉదాహరణకి చెప్పిన అంకె ఇంత దగ్గరగా రావడం చూసి నవ్వొచ్చింది.

ఫ్యూజులు తీస్తూ పోతే ఒకటి తీయగానే 33 కి పడింది. అది దేనిదో అర్థం కాలేదు. చివరికి బట్టల అలమరలో పైన మూలకి, టీవీ యాంటెన్నా సిగ్నల్ పెంచే చిన్న పెట్టె కనపడింది. దానికో బుల్లి పచ్చ లైటు, పక్కన స్విచ్. బండి కొన్న దగ్గర్నుంచి అది ఆన్‌లోనే ఉండి ఉంటుంది, మేం టీవీ పెట్టిందే లేదు! దానొక్కదానికే 45. మిగతా 33 అలారం, ట్రాకర్, రేడియోలది.

స్లౌ_సుధ

అయ్యో, మా అలమరలో కూడా ఆ పెట్టె ఉంది. తేమ పీల్చే డబ్బా అనుకున్నాం. ఇప్పుడే మా ఆయన్ని పంపిస్తున్నా.

అనిల్_ఈఈఈ

దొంగ దొరికాడు. రేడియో ఫ్యూజ్ కూడా తీసేయండి, ఏ స్టేషన్లు పోతాయో పోనీయండి. 30 కి వచ్చిందనుకుందాం. రోజుకి 0.72 ఆంపియర్ అవర్లు, సగం ఖాళీ కావడానికి రెండున్నర నెలలు. నవంబర్ నుంచి ఈస్టర్ దాకా ఇంకా సరిపోదు, కానీ సమస్య సగానికి పైగా తగ్గింది. ఇప్పుడు సోలార్ మాట మాట్లాడుకోవచ్చు.

టామ్‌వర్త్_తాతారావు

సోలార్ అంటే ఎండ ఉండాలిగా బాబూ. ఇంగ్లండులో డిసెంబరు, అందులో లీడ్స్!

అనిల్_ఈఈఈ

తాతారావు గారూ, మీ మాటలో సగం నిజం ఉంది, అందుకే లెక్క వేయాలి. పైకప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కి అక్కడ డిసెంబర్‌లో రోజంతా కలిపితే పూర్తి ఎండ అరగంట కూడా రాదు. 20 వాట్ల ప్యానెల్ అయితే నష్టాలు పోను రోజుకి అర ఆంపియర్ అవర్ వస్తే గొప్ప. 78 మిల్లీ ఆంప్స్‌కి అది ఏ మూలకీ చాలదు. 30 కి దాదాపు చాలుతుంది, 40 వాట్లు వేస్తే మిగులుతుంది కూడా. ముందు కొలవమన్నది అందుకే. ఫిబ్రవరి వచ్చేసరికి ఎండ రెండింతలు దాటుతుంది, ఇక బెంగ లేదు.

కిటికీలో లోపలి వైపు ఆనించే చిన్న ప్యానెళ్ళు మాత్రం కొనకండి. ఆక్రిలిక్ అద్దం, దాని మీద పాకుడు, ఒకే దిక్కు... వాటితో ట్రాకర్ కూడా బతకదు. మధ్యలో చార్జ్ కంట్రోలర్ (బ్యాటరీకి చార్జ్ అతిగా ఎక్కకుండా చూసే చిన్న పెట్టె) తప్పనిసరి. అది తన కోసం కొన్ని మిల్లీ ఆంప్స్ తింటుంది, అదీ లెక్కలో వేసుకోండి. తగిలించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్.

బ్యాటరీ_బాబాయ్

అనిల్ చెప్పింది బంగారం. ఇంకొక్క మాట. ఆ యాంటెన్నా పెట్టె ఆన్‌లో ఉంచి ఎంత పెద్ద ప్యానెల్ పెట్టినా కారే కుండలో నీళ్ళు పోసినట్టే. ముందు చిల్లు పూడ్చావు, అది మంచి పని.

యార్డుకి పంపే ముందు ఇంట్లో పూర్తిగా చార్జ్ చేయి. 14.4 దాకా ఎక్కి, తర్వాత 13.6 దగ్గర నిలబడే చార్జర్ అయితే చాలు. తలుపులు మూసిన గదిలో పెట్టకు, చార్జ్ చివర్లో హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వ చాలు. మూతలున్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ చూసుకో. కుళాయి నీళ్ళు పోసేవాళ్ళని మా షాపులో రోజూ చూస్తాను.

లీడ్స్_శీను

అర్థమైంది. ఇక ట్రాకర్ సంగతి. బ్యాటరీ తీసేస్తే ఏమవుతుందో ఎవరికైనా తెలుసా?

మిల్టన్‌కీన్స్_మూర్తి

మాకూ ట్రాకర్ ఉంది. చాలావాటిలో సొంతంగా చిన్న బ్యాటరీ ఉంటుంది. బండి బ్యాటరీ పోయినా కొంతకాలం బతుకుతుంది, ఈలోగా మీ ఫోన్‌కి ‘బ్యాటరీ తక్కువ’ అని మెసేజ్ వస్తుంది. ఎంతకాలం అన్నది ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. ట్రాకర్ కంపెనీకి ఫోన్ చేసి అడగండి, తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో ‘పర్లేదండీ’ అన్న మాట క్లెయిమ్ రోజున ఎవరికీ గుర్తుండదు. రాతలో ఉండాలి.

మేం ఏం చేస్తున్నామంటే, రెండు బ్యాటరీలు పెట్టుకున్నాం. బండిలో ఒకటి, ఇంట్లో చార్జర్ మీద ఒకటి. ఆరేడు వారాలకోసారి వెళ్ళి మార్చి వస్తాం. ఎలాగూ టైర్లలో గాలి, లోపల తేమ చూడ్డానికి ఓసారి వెళ్ళాలి కదా. మా యార్డులో సోలార్ ప్యానెల్ బిగించినా నీడ, పక్కన ఎత్తయిన లారీల షెడ్డు. అందుకే ఈ దారి పట్టాం.

స్లౌ_సుధ

మూర్తి గారూ, మార్చేటప్పుడు అలారం అరవదా?

మిల్టన్‌కీన్స్_మూర్తి

సర్వీస్ మోడ్‌లో పెట్టి మారుస్తాం మేడమ్. నెగటివ్ ముందు ఊడదీయడం, తగిలించేటప్పుడు నెగటివ్ ఆఖర్న. మొదటిసారి మాత్రం యార్డు మొత్తం మా వైపు చూసింది.

టామ్‌వర్త్_తాతారావు

శీను బాబూ, బండి మీద కవర్ కప్పుతావా? కప్పితే నీ ప్యానెల్ కూడా దాని కిందే నిద్రపోతుంది.

లీడ్స్_శీను

తాతారావు గారూ, మంచి పాయింట్ పట్టారు! కప్పుతాం. అది ఆలోచించలేదు.

అనిల్_ఈఈఈ

ముందు భాగానికి మాత్రమే వేసే సగం కవర్లు దొరుకుతాయి, దారిలో దుమ్ము కొట్టేది అక్కడే కాబట్టి. పైకప్పు ఖాళీగా ఉంటుంది. మొత్తం కప్పాల్సిందే అంటే ప్యానెల్ దండగ, మూర్తి గారి రెండు బ్యాటరీల పద్ధతే నయం.

మెల్‌బోర్న్_మహేశ్

మాకు సీజన్ తలకిందులు. బండి ఎండాకాలం కూడా షెడ్డు బయటే ఉంటుంది. 40 డిగ్రీల్లో బ్యాటరీ తనంతట తానే దిగడం చాలా ఎక్కువ. 10 డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపు అంటారు కదా. పైన 150 వాట్ల ప్యానెల్ ఉంది కాబట్టి ఖాళీ కాదు, కానీ నీళ్ళు తగ్గిపోతున్నాయి.

బ్యాటరీ_బాబాయ్

మహేశ్, కంట్రోలర్‌కి బ్యాటరీ వేడి తెలిసే సెన్సార్ ఉందా? లేకపోతే ఎండలో కూడా చలిలో ఇచ్చినంత వోల్టేజే ఇస్తుంది, బ్యాటరీ ఉడుకుతుంది. మా గుంటూరు ఎండల్లో ఇన్వర్టర్ బ్యాటరీలకి ఏప్రిల్ నుంచి జూన్ దాకా నీళ్ళు రెండింతలు తరచుగా చూడమని చెప్తాం. నువ్వూ అలాగే చూడు.

లీడ్స్_శీను

ట్రాకర్ వాళ్ళతో మాట్లాడాను, లోపలి బ్యాటరీ మీద కొన్ని వారాలే అన్నారు. ఇన్సూరెన్స్ వాళ్ళు ఈమెయిల్‌లో ‘బండి బ్యాటరీ లేకుండా ఉంచితే షరతు తప్పినట్టే’ అని రాశారు. కాబట్టి బ్యాటరీ బండిలోనే ఉంటుంది. సగం కవర్, పైన 40 వాట్ల ప్యానెల్, చిన్న కంట్రోలర్. యాంటెన్నా పెట్టె ఆఫ్, రేడియో ఫ్యూజ్ బయట, మూవర్ ఐసొలేటర్ ఆఫ్. బాబాయ్ గారు చెప్పిన బల్బుల పరీక్షలో పాత బ్యాటరీ ఉండాల్సిన గంటల్లో సగం కూడా నిలవలేదు, దాన్ని ఇచ్చేసి కొత్తది తీసుకుంటున్నాను. జనవరిలో ఓసారి వెళ్ళి వోల్టేజీ చూస్తాను. 12.4 కంటే కింద ఉంటే ఇంటికి తెచ్చి చార్జ్ చేసి మర్నాడే పెట్టేస్తాను, ఒక్క రాత్రికి ట్రాకర్ తన బ్యాటరీ మీద ఉండగలదు.

ప్యానెల్ పైకప్పుకి అంటించడమా, స్క్రూలు వేయడమా? రంధ్రాలంటే భయంగా ఉంది.

మిల్టన్‌కీన్స్_మూర్తి

స్క్రూలు వద్దు, నీళ్ళు కారడం మొదలైతే బ్యాటరీ కంటే పెద్ద ఖర్చు. ప్లాస్టిక్ మూల బ్రాకెట్లు, పాలీయురిథేన్ గమ్. పైకప్పు బాగా తుడిచి, తడి లేకుండా చూసుకుని అంటించండి. చలి 5 డిగ్రీల లోపుకి వచ్చాక ఆ గమ్ సరిగా సెట్ అవదు, కాబట్టి అక్టోబర్ దాటనివ్వకండి. వైరు లోపలికి తీసుకెళ్ళే చోట మూత ఉన్న గ్లాండ్ (వైరు చుట్టూ నీళ్ళు దిగకుండా బిగించే ముక్క) పెట్టాలి, ఆ ఒక్క రంధ్రం తప్పదు.

కరీంనగర్_కిరణ్

శీనన్నా, గమ్ పెట్టే రోజు చెప్పు, నేనూ వస్తా. నా బండికి కూడా అదే పని ఉంది, నిచ్చెన నా దగ్గర ఉంది.